గులాబీకి మొదట్లోంచి బారెడు కొమ్మ లేచింది, కోసేయాలా ఉంచాలా?

మేడమీదిగులాబీ (నిజాంపేట, హైదరాబాద్)
ఆగస్టు 24, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. నా దగ్గర డబుల్ డిలైట్ గులాబీ ఒకటి ఉంది, వయసు ఆరేడేళ్ళు ఉంటుంది, 14 అంగుళాల కుండీలో తూర్పు పిట్టగోడ పక్కన పెట్టాను. తెనాలిలో అమ్మ ఇల్లు ఖాళీ చేసినప్పుడు తెచ్చుకున్నా, అమ్మ పెంచిన మొక్కల్లో మిగిలింది ఇదొక్కటే.

ఈ వానలకి మొదట్లోంచి ఒక కొమ్మ లేచింది, మూడు వారాల్లో నా నడుం దాకా వచ్చేసింది. చూపుడువేలంత లావు, ముదురు ఎరుపు, ముళ్ళు కూడా ఇంకా మెత్తగా ఎర్రగానే ఉన్నాయి. దాని పక్కన పాత కొమ్మలన్నీ పుల్లల్లా కనిపిస్తున్నాయి, వాటికి పూలు కూడా ఈ ఏడాది బాగా తగ్గిపోయాయి. మా అపార్ట్‌మెంట్‌కి వచ్చే మాలి చూసి ఇది దొంగకొమ్మమ్మా, బలమంతా లాగేస్తది, కొట్టేద్దాం అని కత్తెర తీశాడు, నేనే ఆపాను.

ఎందుకు ఆపానంటే రెండేళ్ళ కింద నా పసుప్పచ్చ గులాబీ ఒకటి ఇలాగే వానల్లో బ్రహ్మాండంగా కొమ్మలేసింది, నేను మురిసిపోయి ఉంచేశా, మరుసటి ఏడాదికి పసుపు పూలు మొత్తం మానేసి చిన్న చిన్న గులాబీరంగు పూలు మొదలుపెట్టింది. అందరూ నాటు గులాబీగా మారిపోయింది అన్నారు. ఇది కూడా అలా మారిపోతే నేను తట్టుకోలేను. కోసేస్తే ఉన్న ఒక్క బలమైన కొమ్మ పోతుందేమో అని ఇంకో భయం. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

నల్గొండ_బత్తాయి
ఆగస్టు 24, ఉదయం 9:05

మాలి చెప్పిందే కరెక్టు అక్కా. మాది బత్తాయి తోట, 6 ఎకరాలు. మొదలుకాడ నుంచి గిట్ల నిట్టనిలువుగ లేచేటియి నీటికొమ్మలు అంటం. చూస్తందుకు మస్తు జోరుగ ఉంటయి, ముండ్లు పెద్దగుంటయి, కాయ మాత్రం సరిగ పట్టదు, చెట్టు తినాల్సిందంత అవే తింటయి. కాయ తెంపినంక ఎండుపుల్లలతోని పాటు వాటిని కూడ తీసేస్తం. ఇంక రంగపూర్ నిమ్మ వేరు మీద కట్టిన చెట్టుకి అంటు కింద నుంచి వచ్చేటియి అయితే అసలే ఉంచొద్దు. ఇయ్యాలనే తీసెయ్యండి.

విశాఖ_బాల్కనీ
ఆగస్టు 24, ఉదయం 9:32

ఆకులు లెక్కపెట్టండి. ఐదాకుల రెమ్మ అయితే మంచి గులాబీ, ఏడాకుల రెమ్మ అయితే అడవిది, తీసేయాలి. నాకు మొక్క అమ్మినాయన చెప్పిన గుర్తు ఇది.

మేడమీదిగులాబీ
ఆగస్టు 24, ఉదయం 10:15

ఇప్పుడే పైకి వెళ్ళి లెక్కపెట్టొచ్చా. కింది రెమ్మలన్నిటికీ ఐదే ఉన్నాయి, పైన రెండింటికి మాత్రం ఏడేసి ఉన్నాయి. ఇప్పుడు దీన్ని ఏమనుకోవాలి?

కడియం_అంటుకత్తి
ఆగస్టు 24, మధ్యాహ్నం 1:20

అక్కా ముందు ఆ కత్తెర లోపల పెట్టెయ్యండి. మాది కడియపులంక. 18 ఏళ్ళు వేరేవాళ్ళ నర్సరీల్లో గులాబీ అంట్లు కట్టాను, ఇప్పుడు నాదే చిన్న నర్సరీ ఉందండి. నా చేత్తో కట్టినవి లెక్కపెట్టలేదు గానీ సీజన్లో రోజుకి వందల్లో కట్టేవాణ్ణి, అందుకని కాస్త వివరంగా చెప్తాను ఓపిగ్గా చదవండి.

మీ కుండీలో ఉన్నది ఒక మొక్క కాదండి, రెండు. కింద వేళ్ళు ఒక గులాబీవి, పైన పూలు ఇంకో గులాబీవి. ముందు ఎడ్వర్డ్ గులాబీ కొమ్మో మల్టీఫ్లోరా కొమ్మో పెన్సిలంత లావుది పాతి వేరు పోయిస్తాం. అది నిలదొక్కుకున్నాక మొదట్లో బెరడు మీద ఇంగ్లీషు టీ అక్షరంలా గాటు పెట్టి, డబుల్ డిలైట్ కొమ్మ మీద నుంచి ఒక్క కన్ను, అంటే చిగురు మొలిచే చోటు, చిన్న బెరడు ముక్కతో సహా తీసి ఆ గాట్లోకి దూర్చి ప్లాస్టిక్ రిబ్బను చుడతాం. మూడు వారాలకి కన్ను పచ్చగా ఉంటే అతుక్కున్నట్టే, అప్పుడు దాని పైన ఉన్న వేరుమొక్క తల నరికేస్తాం. ఆ ఒక్క కంట్లోంచే మీరు చూసే మొక్కంతా వస్తుందండి. ఆ అతుకున్న చోట నాలుగైదేళ్ళకి ఉసిరికాయంత బుడిపె తేలుద్ది.

మొత్తం విషయం ఆ బుడిపె దగ్గరే ఉంది. కొత్తకొమ్మ బుడిపె మీద నుంచి గానీ పైనుంచి గానీ వచ్చిందంటే అది మీ అమ్మగారి డబుల్ డిలైటే, ఇంకో నాలుగైదేళ్ళు పూలు మోసేది అదే, దాన్ని కోస్తే మొక్క కాళ్ళు విరగ్గొట్టినట్టే. బుడిపె కింద నుంచి, లేదా వేరు మీద నుంచి వచ్చిందంటే అది వేరుమొక్క పిలక, దాన్ని ఒక్కరోజు కూడా ఉంచకూడదు. మీ మాలీ తప్పు చెప్పలేదు, నల్గొండ అన్న కూడా తప్పు చెప్పలేదు, కాకపోతే చూడకుండా చెప్పారు.

కాబట్టి చిన్న తాపీ గానీ పాత చెంచా గానీ తీసుకుని మొదలు చుట్టూ మట్టి మెల్లగా తియ్యండి. మా వైపు నుంచి వచ్చే మొక్కలకి గోదావరి బంకమట్టి ఉండ ఉంటుంది, పైగా కుండీ మార్చినప్పుడు చాలామంది బుడిపెని కూడా పూడ్చేస్తారు, అందుకే కనపడదు. మూడు నాలుగు అంగుళాలు తీస్తే కనిపించాలి.

ఆకుల లెక్క నమ్మకండి. డబుల్ డిలైట్ బలంగా పెరిగితే ఏడాకుల రెమ్మలు కూడా వేస్తుంది. ఎడ్వర్డ్ కూడా ఐదూ వేస్తుంది ఏడూ వేస్తుంది. మల్టీఫ్లోరాకి మాత్రం ఒక మంచి గుర్తుంది, రెమ్మ కాడ కొమ్మకి అతుక్కునే చోట రెండు పక్కలా చిన్న ఆకురేకులు ఉంటాయి చూడండి, మల్టీఫ్లోరాకి అవి ఈకలా, దువ్వెన పళ్ళలా చీలి ఉంటాయి. మామూలు గులాబీకి అంత చీలి ఉండవు.

మీ పసుప్పచ్చ గులాబీ గురించి కూడా చెప్పాలండి, ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది నాకు. అది మారిపోలేదు. పిలక పెరిగి పైకొచ్చింది, పైనున్న పసుపు మొక్క తిండి లేక చచ్చిపోయింది. మీరు తర్వాత చూసిన గులాబీరంగు పూలు ఎడ్వర్డ్‌వి అయ్యుంటాయి, మంచి వాసన వేసుంటాయి, అవునా?

మేడమీదిగులాబీ
ఆగస్టు 24, మధ్యాహ్నం 1:48

అవునండీ! చాలా వాసన! రేకులు వదులుగా ఉండి సాయంత్రానికే రాలిపోయేవి. నేను ఆ మొక్కని రెండేళ్ళు పెంచాను, అది అదే మొక్క అనుకుని. పసుపు కొమ్మలు ఒక్కొక్కటీ ఎండిపోతుంటే వయసైపోయింది అనుకున్నా, అప్పుడే ఎవరైనా చెప్పుంటే కాపాడుకునేదాన్ని. సాయంత్రం ఎండ తగ్గాక మట్టి తీసి చూసి చెప్తాను.

బోటనీమాస్టారు (గుంటూరు)
ఆగస్టు 24, సాయంత్రం 4:10

కడియం తమ్ముడు చెప్పినదానికి నా వంతు కొంచెం కలుపుతాను, ముప్పై ఏళ్ళు బోటనీ పాఠం చెప్పిన అలవాటు.

రంగు మారడం అన్నది గులాబీల్లో అసలే లేదని కాదు. ఎప్పుడో ఒకసారి ఒక కొమ్మలో కణాల్లో మార్పు వచ్చి ఆ కొమ్మ వరకు వేరే రంగు పూస్తుంది, దాన్ని స్పోర్ట్ అంటారు. పీస్ అనే ప్రఖ్యాత గులాబీ నుంచి షికాగో పీస్ 1962లో అలాగే వచ్చింది. కానీ అక్కడ పువ్వు ఆకారం, మొక్క తీరు దాదాపు అదే ఉంటుంది, రంగే మారుతుంది. పువ్వు చిన్నదైపోయి, రేకులు తగ్గిపోయి, మొక్క అంతా వేరేలా తయారైందంటే అది వేరుమొక్కే.

ఇక నల్గొండ మిత్రుడి బత్తాయికీ గులాబీకీ తేడా. బత్తాయిలో మనకి కావాల్సింది స్థిరమైన గొడుగులాంటి చెట్టు, ఏళ్ళ తరబడి అదే కొమ్మల చట్రం నిలబడాలి, నిలువుగా లేచే కొమ్మ ఆ చట్రాన్ని పాడుచేస్తుంది, చాలాకాలం కాపుకి రాదు. గులాబీ చెట్టు కాదు, పొద. దాని కొమ్మకి ఆయుష్షు తక్కువ. మూడు నాలుగేళ్ళకి కొమ్మ బెరడు బూడిదరంగై పగుళ్ళిచ్చి, పైన కాకిగూడులా సన్నపుల్లలు వేసి, చిన్నపూలు ఇస్తుంది. దాని స్థానంలో మొదట్లోంచి కొత్తది రావాలి. పొద తనను తాను కొత్తగా కట్టుకునే పద్ధతే అది. మీ పాత కొమ్మలకి పూలు తగ్గాయన్నారు చూశారా, అందుకే ఇది లేచింది. కొత్తది వచ్చి పాతవాటి బలం లాక్కోలేదు, పాతవి అలిసిపోయాకే కొత్తది వచ్చింది.

ఎందుకంత వేగం అంటే, కొమ్మ చివరి మొగ్గలో ఆక్సిన్ అనే హార్మోన్ తయారై కిందకి దిగుతూ కింది కళ్ళని నిద్రలో ఉంచుతుంది. పై కొమ్మలు బలహీనపడితే ఆ అదుపు తగ్గుతుంది, వేళ్ళ నుంచి కళ్ళని లేపే సైటోకైనిన్ అనే ఇంకో హార్మోన్ పైకొస్తుంది, వానకి నీరూ నత్రజనీ దొరుకుతాయి, అప్పుడు బుడిపెలో ఏళ్ళుగా పడుకున్న కన్ను ఒక్కసారిగా లేస్తుంది. వేళ్ళన్నీ ఎప్పుడో తయారై ఉన్నాయి కాబట్టి మొత్తం ప్రవాహం దాని ఒక్కదానికే దొరుకుతుంది.

ఎరుపుకి భయపడక్కర్లేదు. లేత ఆకులో ఆంథోసయనిన్ ఉంటుంది, ఎండ నుంచి లేత కణాలకి గొడుగు పట్టే రంగు అది, రెండు మూడు వారాల్లో ఆకుపచ్చకి తిరుగుతుంది.

డాలస్_పెరడు (ఫ్రిస్కో, టెక్సస్)
ఆగస్టు 24, రాత్రి 8:55

మాస్టారూ చివరి మాట దగ్గర ఒక్క నిమిషం, అమెరికాలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళ కోసం రాస్తున్నా. ఇక్కడ ఎరుపుకి భయపడాల్సిన సందర్భం ఒకటుంది. రోజ్ రోసెట్ అనే వైరస్ జబ్బు, కంటికి కనపడనంత చిన్న నల్లి ఒకటి గాలికి కొట్టుకొచ్చి అంటిస్తుంది, వైరస్‌ని గుర్తించింది 2011లో. మా డాలస్ ఫోర్ట్‌వర్త్ ప్రాంతంలో రోడ్ల మధ్య వేసిన నాకౌట్ గులాబీలు వరసలకి వరసలు పీకేశారు దీనివల్ల. మా ముందువాకిట్లో నాలుగు పోయాయి, అప్పుడు నాకు తెలీక కొత్తకొమ్మలు ఎంత బాగా వస్తున్నాయో అని నెలరోజులు ఫోటోలు తీసి అమ్మావాళ్ళకి పంపించాను, ఇప్పుడా ఫోటోలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

తేడా ఎలా తెలుస్తుందంటే మామూలు చిగురు ఎరుపు తర్వాత పచ్చబడుతుంది, దీనిది పచ్చబడదు. కొమ్మ నిండా వెంట్రుకల్లా లెక్కలేనన్ని మెత్తటి ముళ్ళు. ఒకే చోట నుంచి గుత్తిగా చీపురుకట్టలా చిగుళ్ళు, ఆకులు వంకరగా నలిగినట్టు, మొగ్గ విచ్చుకోదు. కొత్తకొమ్మ అది పుట్టిన కొమ్మకంటే లావుగా ఉంటుంది. మందు లేదు, కత్తిరిస్తే పోదు, మొక్కని వేళ్ళతో సహా తీసి సంచిలో కట్టి పారేయడమే. గాలికి ఆ నల్లులు పక్కమొక్కల మీద పడకుండా ముందు మొక్క మీద సంచి కప్పి ఆ తర్వాత పీకాలి.

ఇంకోటి, నాకౌట్‌లు ఎక్కువగా సొంతవేరు మీద ఉంటాయి, అంటు ఉండదు. కాబట్టి అలాంటి మొక్కకి నేలలోంచి వచ్చినా అది పిలక కాదు, అసలు గులాబీయే. మీ మొక్క అంటుదా కొమ్మ పాతిందా అన్నది ముందు తేల్చుకోండి.

మేడమీదిగులాబీ
ఆగస్టు 25, ఉదయం 6:30

నిన్న చీకటి పడేదాకా మట్టి తీస్తూ కూర్చున్నా. బుడిపె దొరికింది! దాదాపు నాలుగు అంగుళాల లోతులో ఉంది, కుండీ మార్చినప్పుడు నేనే పూడ్చేసినట్టున్నా. పెద్ద ఎర్రకొమ్మ బుడిపె పైభాగం నుంచే వచ్చింది, చాలా స్పష్టంగా కనిపిస్తోంది, అక్కడ బెరడు చీలినట్టై అందులోంచి లేచింది. చూడగానే ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

కానీ ఇంకో విషయం బయటపడింది. బుడిపెకి రెండంగుళాల కింద నుంచి ఇంకో రెండు సన్నకొమ్మలు వస్తున్నాయి, లేత ఆకుపచ్చవి, అసలు ఎరుపే లేదు. అవి పైకి వచ్చి పాత కొమ్మల మధ్యలో కలిసిపోయి ఉన్నాయి, ఇన్నాళ్ళూ నేను వాటిని ఈ మొక్కవే అనుకుంటున్నా. ఒకదానికి కాడ దగ్గర కడియం తమ్ముడు చెప్పిన దువ్వెన పళ్ళలాంటివి ఉన్నాయి, రెండోదానికి కూడా ఉన్నాయి. అంటే కోసేయాల్సిన దొంగలు ఇవేనా? మాలి కొట్టబోయింది మంచిదాన్నా?

కడియం_అంటుకత్తి
ఆగస్టు 25, ఉదయం 7:02

ఆయ్, అవేనండి. మల్టీఫ్లోరా. మట్టి తీసి మంచిపని చేశారు.

వాటిని కత్తిరించొద్దు. ఈ ఒక్కమాట గుర్తుపెట్టుకోండి, పిలకని కత్తిరిస్తే దాని మొదట్లో మిగిలిన కళ్ళు లేచి ఒకటి ఉన్నచోట మూడొస్తాయి. పుట్టిన చోటు దాకా మట్టి తీసి, తోలు గ్లవుజు గానీ మందపాటి గుడ్డ గానీ చుట్టుకుని, బొటనవేలు పైన పెట్టి కిందకి ఒక్క ఊపులో పెరికెయ్యండి. మడమలాంటి ముక్కతో సహా ఊడి రావాలి, అప్పుడు మొదటి కళ్ళు కూడా పోతాయి. గాయం అయినచోట కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజుమందు పొడి నీళ్ళతో ముద్దచేసి రాయండి, ఒకరోజు ఆరనిచ్చి మట్టి కప్పండి. ఈసారి బుడిపె కాస్త పైకి కనిపించేలా వదిలెయ్యండి, అప్పుడు ఎప్పుడు ఏది ఎక్కడి నుంచి వస్తుందో నిలబడి చూడొచ్చు.

మేం కొమ్మలు పాతేటప్పుడు మట్టిలో ఉండే కింది కళ్ళు కత్తితో తీసేసి పాతాలండి, అలా చేస్తే పిలకలు బాగా తగ్గుతాయి. హడావుడిలో తియ్యకుండా పాతితే ఆ కష్టం కొన్నవాళ్ళ మీద పడుతుంది. మా నర్సరీలో ఈ పని నేను దగ్గరుండి చేయిస్తాను.

ఇప్పుడు పెద్దకొమ్మ సంగతి. ఒకటిన్నర రెండు అడుగులు ఉన్నప్పుడే కొస గిల్లాల్సింది, ఇప్పుడైనా ఆలస్యం కాలేదు. చివర మొగ్గ కనిపిస్తోందా?

మేడమీదిగులాబీ
ఆగస్టు 25, ఉదయం 7:20

చివర శనగగింజంత మొగ్గలు ఏడెనిమిది ఒక గుత్తిలా ఉన్నాయి. గిల్లాలంటే చెయ్యి రావట్లేదు.

కడియం_అంటుకత్తి
ఆగస్టు 25, ఉదయం 7:41

తెలుసండి, ఎవరికీ రాదు. కానీ గుత్తిని ఉంచితే ఏడెనిమిది చిన్నపూలు ఒకేసారి పూసి ఆ బరువుకి, గాలికి కొమ్మ బుడిపె దగ్గర ఫట్‌మని ఊడిపోవచ్చు. కొత్తకొమ్మ అతుకు దగ్గర ఇంకా గట్టిపడదు, మొదటి రెండు నెలలు చాలా సున్నితం, పిల్లి తగిలినా ఊడుతుంది. నేను అలా పోగొట్టుకున్నవి చూశాను.

అందుకని రెండు పనులు. ముందు ఒక కర్ర వేళ్ళకి తగలకుండా కుండీ అంచున పాతి ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా గుడ్డపీలికతో రెండుచోట్ల కట్టండి. తర్వాత మెత్తగా ఉన్న కొస, ఆ గుత్తితో సహా జానెడు లోపే, గోటితో తుంచండి లేదా కత్తెరతో ఐదాకుల రెమ్మ పైన, బయటివైపు చూసే కన్ను మీద పావంగుళం వదిలి ఏటవాలుగా కొయ్యండి. కన్ను లోపలివైపు చూస్తే కొమ్మ లోపలికి పోయి మధ్యలో గుబురైపోతుంది. గట్టిపడ్డ కట్టెలోకి దిగొద్దు, పైన మెత్తటిది మాత్రమే. పది పన్నెండు రోజుల్లో పైనున్న మూడు నాలుగు కళ్ళు పక్కకొమ్మలు వేస్తాయి, ఒక్కోదానికి ఒక పెద్దపువ్వు. పువ్వు విచ్చుకోడానికి ఆరేడు వారాలు పడుతుంది.

నల్గొండ_బత్తాయి
ఆగస్టు 25, ఉదయం 8:15

మాస్టారు, కడియం అన్న చెప్పినంక నాకు సమజైంది. నేను బత్తాయి లెక్కలోనే చెప్పిన, తప్పు నాదే అక్కా, మంచిగైంది మీరు ఆగిండ్రు. మా ఇంటిముంగట నాటుగులాబి మూడేండ్ల సంది పూస్తలేదు, నేను ప్రతి యేడు మొదట్ల నుంచి వచ్చినయన్ని కోసేస్తున్న. అది కొమ్మ పాతి పెంచింది, అంటుది కాదు. అంటే నేనే దాన్ని పెరగనిస్తలేనా?

బోటనీమాస్టారు
ఆగస్టు 25, ఉదయం 9:00

అవును నాయనా, అదే కారణం అయ్యుండాలి. సొంతవేరు మీద ఉన్న నాటుగులాబీకి మొదట్లోంచి వచ్చేవన్నీ దానివే. ఈ ఏడాది రెండు మూడు లావువి ఉంచి, ఎండిన పాతవి ఒకటి రెండు నేలమట్టానికి తీసేయండి. ఒకేసారి పాతవన్నీ తీయొద్దు.

హోసూరు_పాలీహౌస్
ఆగస్టు 25, ఉదయం 11:30

మాది హోసూరు దగ్గర, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. తాజ్‌మహల్ రకం గులాబీ ఎకరం పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ కప్పిన షెడ్డులో వేసినాము. మీరంతా ఇంత శ్రద్ధగా ఒక కొమ్మ గురించి మాట్లాడుకుంటావుంటే సంతోషమైంది, ఎందుకంటే మా బతుకంతా ఆ కొమ్మ మీదనే. దాన్ని మేము బాటమ్ బ్రేక్ అంటాము.

మేము మొక్క నాటిన కొత్తల్లో పూలు కొయ్యము. మొదట వచ్చే సన్నకొమ్మల మొగ్గలు గిల్లేసి వాటిని కోసెయ్యకుండా మొదట్లో పక్కకి వంచి పడుకోబెడతాము, బెండింగ్ అంటాము. వంచిన కొమ్మ చావదు, దాని ఆకులు ఎండ తీసుకుని తిండి చేస్తానే ఉంటాయి, పైకి పోయే దారి వంగిపోయింది కాబట్టి మొదట్లో కన్ను లేస్తుంది, లావు బాటమ్ బ్రేక్ వస్తుంది. ఆ కొమ్మ మీద వచ్చే పువ్వుకే పొడుగు కాడ, 60, 70 సెంటీమీటర్లు, మార్కెట్లో రేటు కాడ పొడుగుని బట్టే. ప్రేమికుల రోజు పూల కోసం డిసెంబరు ఆఖరిలో కోతలు గిల్లుళ్ళు లెక్క చూసుకుని చేస్తాము.

అక్క కుండీలో కూడా పనికిరాని సన్నకొమ్మ ఒకటి కోసే బదులు వంచి కట్టి చూడొచ్చు. విరక్కుండా మెల్లగా, పొద్దున కాకుండా మధ్యాహ్నం వంచాలి, కొమ్మలో నీళ్ళు తగ్గి ఉంటాయి, చెప్పిన మాట వింటుంది.

విశాఖ_బాల్కనీ
ఆగస్టు 26, ఉదయం 8:20

నా ఏడాకుల సలహా వెనక్కి తీసుకుంటున్నా, నేను ఆ లెక్కతో ఎన్ని మంచికొమ్మలు తీసేశానో ఇప్పుడు ఆలోచిస్తే దిగులుగా ఉంది.

నాదొక ప్రశ్న. కొమ్మ ఎక్కడ కోసినా కోసిన చోట నుంచి నల్లబడుతూ కిందకి దిగుతుంది, ఒక్కోసారి మొదలు దాకా ఎండిపోతుంది. పసుపు రాస్తున్నా, ఫలితం లేదు.

కడియం_అంటుకత్తి
ఆగస్టు 26, ఉదయం 9:10

అది డైబ్యాక్ అండి, కొస నుంచి ఎండే తెగులు, బూజు వల్ల వస్తుంది. మీ సముద్రపు గాలికి, తడికి ఇంకా ఎక్కువ. వాన పడే రోజున, పడబోయే రోజున కోయొద్దు. నల్లబడినచోటు కంటే రెండంగుళాలు కింద, లోపలి బెండు తెల్లగా కనపడేదాకా కొయ్యండి, బెండు గోధుమరంగులో ఉంటే ఇంకా కిందకి వెళ్ళాలి. ప్రతి కోతకీ మధ్య కత్తెర స్పిరిట్‌తో తుడవండి. కన్ను పైన అంగుళాలకి అంగుళాలు మొండెం వదలొద్దు, ఆ మొండెమే ముందు కుళ్ళేది. మొక్కలు చాలా ఉంటే బోర్డో పేస్టు చేసుకోవచ్చు, 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం విడివిడిగా అర లీటరేసి నీళ్ళలో ప్లాస్టిక్ బకెట్లలో కలిపి తర్వాత రెండూ ఒకటి చెయ్యాలి, ఇనుప గిన్నె వాడొద్దు. రెండు కుండీలే ఉంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద చాలు. మీకు అక్టోబరులో తుపాన్లు ఉంటాయి కదా, పెద్ద కత్తిరింపు నవంబరులో పెట్టుకోండి.

మేడమీదిగులాబీ
ఆగస్టు 31, సాయంత్రం 6:05

పిలకలు రెండూ 25నే పెరికేశాను, రెండోది మొదటిసారి తెగిపోయింది, మళ్ళీ మట్టి తీసి మడమతో సహా తీశాను. పెద్దకొమ్మకి కర్ర కట్టి ఇవాళ కొస గిల్లేశా. గుత్తిని గ్లాసులో పెట్టుకున్నా.

అక్టోబరులో అందరూ కత్తిరిస్తారు కదా, అప్పుడు ఈ కొత్తకొమ్మని కూడా కోయాలా? యూట్యూబులో విదేశాలవాళ్ళు మొత్తం మొక్కని జానెడు ఎత్తుకి కోసేస్తున్నారు.

బోటనీమాస్టారు
ఆగస్టు 31, రాత్రి 8:30

వాళ్ళ మొక్క చలికాలం నిద్రపోతుంది అమ్మా, తిండంతా వేళ్ళలో, మొదట్లో దాచుకుని ఆకులు రాల్చేస్తుంది, ఎంత కోసినా వసంతంలో ఆ నిల్వతో లేస్తుంది. డాలస్‌లో కూడా ఫిబ్రవరి మధ్యలో కోస్తారు, చలి పోయే ముందు. మన గులాబీ నిద్రపోదు, ఏడాది పొడుగునా ఆకుతోనే బతుకుతుంది. దాన్ని జానెడుకి కోస్తే ఇల్లు గడిచే సంపాదన మొత్తం తీసేసినట్టే. ఎం.ఎస్. వీరరాఘవన్ గారని, మన ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి ముందుగానే ఉద్యోగం విడిచి కొడైకెనాల్‌లో స్థిరపడ్డారు, వేడిప్రాంతాలకి వేరే గులాబీలే కావాలని మణిపూర్ కొండల్లో దొరికే రోజా జైగాంటియా, తడినేలల్లో పెరిగే రోజా క్లైనోఫిల్లా తీసుకుని దశాబ్దాలపాటు కొత్త రకాలు చేశారు. చలిదేశాల మొక్కకీ మన ఎండకీ ఉన్న తేడా అంత పెద్దది.

మీకు హైదరాబాదులో వానలు వెనక్కి తగ్గాక, అక్టోబరు రెండో వారం మంచి సమయం. పాత కొమ్మల్లో బూడిదరంగువి, పెన్సిల్ కంటే సన్నవి, ఒకదాన్నొకటి రాసుకునేవి తీయండి, మొత్తం మీద మూడో వంతు దాటొద్దు. తీసే పాతకొమ్మని బుడిపె దాకా శుభ్రంగా తీయండి. కొత్తకొమ్మ జోలికి ఈ ఏడాది వెళ్ళొద్దు, పూసిన పువ్వు వరకు మాత్రం కోసుకోండి.

మేడమీదిగులాబీ
అక్టోబరు 20, ఉదయం 7:15

పూసింది!! గిల్లినచోట నాలుగు పక్కకొమ్మలు వచ్చాయి, మూడింటికి మొగ్గలు, ఒకటి మొగ్గ లేకుండా ఆగిపోయింది. మొదటి పువ్వు నిన్న విచ్చుకుంది, అరచేతికి కొంచెం తక్కువ, మధ్యలో మీగడరంగు, అంచులు ఎరుపు, ఇవాళ ఎండ తగిలినవైపు ఎరుపు ఇంకా లోపలికి పాకింది. అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను, ఎప్పటి పువ్వులా ఉంది అంది, రెండేళ్ళుగా ఇంత పువ్వు రాలేదు.

12వ తేదీన పాతకొమ్మలు రెండు తీశాను. వానలు పూర్తిగా ఆగాకే తీశా, పేస్టు రాశా, నల్లబడలేదు. చిగుళ్ళకి తామరపురుగు మొదలైతే లీటరుకి 5 మిల్లీ వేపనూనె సబ్బునీళ్ళతో రెండుసార్లు కొట్టాను, తగ్గింది. పక్క ఫ్లాట్ ఆవిడ గులాబీలకి మాలీ నిన్న పిలకలు తీశాడు, కత్తెర పెట్టకుండా ముందు చెంచాతో మట్టి తీశాడు, నేను చూస్తూ నిలబడ్డా.

మొగ్గ రాకుండా ఆగిన కొమ్మని ఏం చేయాలి?

హోసూరు_పాలీహౌస్
అక్టోబరు 20, ఉదయం 8:40

అది బ్లైండ్ షూట్ అక్కా. పైనుంచి రెండు మూడు రెమ్మలు తగ్గించి బలమైన కన్ను పైన కొయ్యండి, మళ్ళీ లేస్తుంది, దానికి మొగ్గ వస్తుంది. నీడ పడుతుంటే కుండీ కొంచెం తిప్పండి.

నల్గొండ_బత్తాయి
అక్టోబరు 20, మధ్యాహ్నం 12:10

మా నాటుగులాబికి మూడు కొమ్మలు వదిలిపెట్టిన అక్కా. నా భుజం దాకొచ్చినయి. ఒకదానికి మొగ్గలు పట్టినయి, మా అమ్మ పొద్దుగాల లేవంగనే చూసొస్తుంది.

మేడమీదిగులాబీ
డిసెంబరు 3, ఉదయం 6:50

ఆగిపోయిన కొమ్మని కోశాను, దానికి కూడా మొగ్గ వచ్చింది, ఇంకో వారంలో విచ్చుకుంటుంది. పాతకొమ్మల మీద ఆరు పూలు, కొత్తదాని మీద మళ్ళీ నాలుగు మొగ్గలు.

ఇవాళ నీళ్ళు పోస్తుంటే బుడిపెకి పడమటివైపు కందిగింజంత ఎర్రటి మొన కనిపించింది. బుడిపె మీదే, చేత్తో తడిమి చూశా. కర్ర ఇప్పుడే పాతేశాను.